ఘాట్ రోడ్డు మీద గుంపు ఎందుకు విడిపోతుంది?

విశాఖపట్నం నుంచి అరకు వైపు సైకిళ్ల మీద బయలుదేరే బృందాన్ని ఎప్పుడైనా గమనించారా? తెల్లవారకముందే, వెనక ఎర్ర దీపాలు మిణుకుమంటుండగా పెందుర్తి దాటేస్తారు. విశాఖ నుంచి కొత్తవలస మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా సుమారు 50 కిలోమీటర్లు. ఇరవై మంది ఉన్నా అంతా ఒకే వరుస. రోజూ తొక్కేవాళ్లు, వారానికోసారి తొక్కేవాళ్లు, పాతికేళ్ల కుర్రాళ్లు, యాభై దాటిన బ్యాంకు ఉద్యోగులు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ సాగిపోతారు. ఎస్.కోట దాటి, బొడ్డవర తర్వాత రోడ్డు కొండెక్కడం మొదలవుతుంది. అరగంట గడిచేసరికి ఆ వరుస జాడే ఉండదు. ముందు ఇద్దరు బక్కపలచని వాళ్లు మలుపు దాటి కనుమరుగవుతారు. మధ్యలో నలుగురైదుగురు మాటామంతీ లేకుండా తొక్కుతుంటారు. చదునులో అందరికీ ముందుండి లాక్కొచ్చిన దిట్టమైన మనిషి చిట్టచివర చెమటోడుస్తూ కనిపిస్తాడు.

గంటలో ఎవరి కాళ్లూ మారలేదు, సైకిళ్లూ అవే. రోడ్డు తలెత్తగానే బలవంతుల జాబితా తలకిందులైంది. దీనికి సమాధానం పట్టుదలలోనో సాధనలోనో వెతుకుతాం. అవి అవసరమే. కానీ అసలు కారణం వేరు: చదునులో సైకిలిస్టును ఆపేది ఒకటి, కొండ మీద ఆపేది మరొకటి. మొదటిదాన్ని పదిమంది పంచుకోవచ్చు. రెండోదాన్ని పంచుకునే వీల్లేదు.

చదునులో అడ్డం పడేది గాలి

గాలి కంటికి కనిపించదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోం. కానీ చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలిస్టు శ్రమలో దాదాపు ముప్పావు వంతు గాలిని పక్కకు తోయడానికే ఖర్చవుతుంది. మిగిలింది టైర్లు నేలకు నొక్కుకుని వంగడం వల్ల, చైనులో రాపిడి వల్ల పోతుంది.

వేగం పెరిగేకొద్దీ ఈ ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే ప్రతి క్షణం రెట్టింపు గాలి ఎదురొస్తుంది, ఆ గాలిని రెట్టింపు వేగంతో తోయాలి. అందుకే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. ఆ నాలుగింతల బలానికి ఎదురుగా రెట్టింపు వేగంతో ముందుకు పోవాలి కాబట్టి కాళ్లు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. 15 నుంచి 20కి సులువుగా పెరిగిన వేగం 30 నుంచి 35కి ఎందుకు మొరాయిస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతుంటే అతని ఎదుట ఒత్తిడి పెరుగుతుంది, వీపు వెనక తగ్గుతుంది. వెనకున్న ఆ భాగంలో గాలి సుడులు తిరుగుతూ, ఆ మనిషి వెళ్లే దిక్కుకే కొంత వేగంతో లాక్కుపోతూ ఉంటుంది. అందులోకి చక్రం పెట్టిన రెండో మనిషికి ఎదురుగాలి తగ్గిపోతుంది. సైకిలిస్టులు దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. ఒక చక్రం దూరంలో వెనకే ఉన్నవాడికి మొత్తం శ్రమలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కలిసొస్తుంది. ముందున్నవాడికీ స్వల్పంగా లాభమే. వెనకవాడు ఆ తక్కువ ఒత్తిడి చోటును కొంత పూడ్చడంతో, ముందువాడిని వెనక్కి గుంజే బలం నూటికి రెండు మూడు పాళ్లు తగ్గుతుంది.

పోటీల్లో ఇది ఎంత దూరం వెళ్తుందో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో లెక్కగట్టింది. 121 మంది సైకిలిస్టులు కిక్కిరిసి వెళ్లే గుంపును కంప్యూటర్‌లోనూ, గాలి సొరంగంలోనూ పరీక్షించారు. గుంపు నడుమ, వెనక భాగాల్లో బాగా చాటున ఉన్నవారికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా వెళ్లేవాడికి తగిలేదాంట్లో పదో వంతు లేదా అంతకన్నా తక్కువని తేలింది. ఆదివారం పూట తొక్కే క్లబ్బు సభ్యులు లారీలు తిరిగే రోడ్డు మీద అంత దగ్గరగా వెళ్లరు, వెళ్లకూడదు కూడా. అయినా వాళ్లకు దక్కేది తక్కువేం కాదు.

కొండ మీద ఎవరి బరువు వారిదే

విశాఖ సముద్రమట్టాన ఉంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా పైకి పోయి మళ్లీ దిగుతుంది కనుక నిజంగా ఎక్కేది ఇంకా ఎక్కువే. పక్క కొండల మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా శిమిలిగూడ స్టేషన్ దగ్గర 996 మీటర్లకు చేరుతుంది. సైకిలిస్టు తన ఒంటి బరువు, సైకిలు బరువు, సీసాల్లో నీళ్లు, జేబులో అరటిపండు అన్నీ కలిపి అంత ఎత్తుకు మోయాలి.

ఎంత పని అది? మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుందాం. 900 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి ఆహారపు కేలరీల్లో చూస్తే 170 మాత్రమే. కానీ కండరం తాను కాల్చే ఇంధనంలో నూటికి 20 నుంచి 25 పాళ్లే పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడిగా పోతుంది. అంటే ఆ ఎత్తుకు సుమారు 750 కేలరీలు తినాలి. ఇడ్లీకి 50 కేలరీల చొప్పున పదిహేను ఇడ్లీలు, కొండెక్కడానికి మాత్రమే.

వంద మీటర్లు వెళ్తే అయిదు మీటర్లు లేచే రోడ్డు తీసుకోండి. దాని మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి శ్రమలో 85 పాళ్లు బరువు ఎత్తడానికే పోతుంది, పది పాళ్లు టైర్లకు పోతుంది. గాలి వాటా అయిదు పాళ్లకు లోపే. ఆ అయిదులో మూడో వంతు ఆదా చేసుకుంటే మాత్రం ఏం మిగులుతుంది? కొండ మీద ఇంకొకరి వెనక నక్కినా పెద్దగా ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే. ముందున్నవాడు గాలిని అడ్డగించగలడు గానీ నా బరువును మోయలేడు.

ఇప్పుడు బక్కపలచని మనిషి, దిట్టమైన మనిషి దగ్గరికి వద్దాం. ఒకరి బరువు సైకిలుతో కలిపి 70 కిలోలు, మరొకరిది 95. ఇద్దరి కాళ్లూ ఒకే శక్తినిస్తాయి, 200 వాట్లు. చదును రోడ్డు మీద విడివిడిగా తొక్కినా ఇద్దరి మధ్య గంటకు రెండు మూడు కిలోమీటర్ల తేడాయే, గుంపులో అదీ కనిపించదు. అదే అయిదు పాళ్ల ఎత్తు మీద మొదటివాడు గంటకు దాదాపు 17 కిలోమీటర్లు వెళ్తే రెండోవాడు 13 వెళ్తాడు. పదిహేను కిలోమీటర్లు ఎక్కేసరికి పావుగంట ఎడం. ఇందులో ఎవరి బద్ధకమూ లేదు. చదునులో మొత్తం శక్తి పనికొస్తుంది, కొండ మీద కిలోకు ఎంత శక్తి అన్నదే లెక్క.

ఇదే సూత్రంతో సైకిలు బరువు ఒక కిలో తగ్గించుకోవడానికి లక్షలు పోసేవాళ్లున్నారు. మొత్తం 80 కిలోల్లో ఒక కిలో తగ్గితే గంట ఎక్కుడులో ముక్కాలు నిమిషం కలిసొస్తుంది. పోటీదారుకు అది విలువైనదే. మిగతావారికి ఆ డబ్బు మంచి టైర్ల మీద, బ్రేకుల మీద పెట్టడమే మేలు.

[పెట్టె]
సగటు వేగం ఎందుకు అంత పడిపోతుంది?
20 కిలోమీటర్లు గంటకు 10 చొప్పున ఎక్కి, అదే 20 కిలోమీటర్లు గంటకు 40 చొప్పున దిగారనుకోండి. సగటు ఎంత? చాలామంది 25 అంటారు. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి అరగంట పట్టింది. రెండున్నర గంటల్లో 40 కిలోమీటర్లు, అంటే సగటు 16. నెమ్మదిగా వెళ్లిన చోటే ఎక్కువ సేపు గడుపుతాం కాబట్టి ఆ వేగమే సగటును కిందికి లాగుతుంది. దిగేటప్పుడు 40 బదులు 50తో దూకినా మిగిలేది ఆరు నిమిషాలు. బ్రెవే అనే, గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణంలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలన్న నియమం చదును దారిలో తేలిగ్గా అనిపించి, ఘాట్ దారిలో గుబులు పుట్టించేది ఇందుకే.
[పెట్టె ముగిసింది]

గేర్లు ఏం చేస్తాయి?

గేర్లు కొండను చిన్నది చేయవు. చేయాల్సిన పని అంతే ఉంటుంది, దాన్ని ఎన్ని ముక్కలుగా చేయాలో మాత్రం మన చేతికొస్తుంది. బావిలోంచి తొట్టె నింపాలంటే పెద్ద బొక్కెనతో కొన్నిసార్లు తోడవచ్చు, చిన్న చేదతో ఎక్కువసార్లు తోడవచ్చు. నీళ్లు అవే, నడుం మీద పడే బరువు వేరు.

అంకెల్లో చూస్తే ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లు ఉన్న గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. గేర్లు లేని మామూలు సైకిలు ఒక చుట్టుకు అయిదు మీటర్లకు పైగా వెళ్తుంది. అయిదు పాళ్ల ఎత్తులో 900 మీటర్లు లేవడానికి 18 కిలోమీటర్లు తొక్కాలి. మొదటి సైకిలుకు ఎనిమిది వేల పైచిలుకు చుట్లు, రెండోదానికి మూడున్నర వేలు. చుట్లు తక్కువే గానీ ప్రతి చుట్టులో పెడల్ మీద పడాల్సిన బరువు సగటున పది కిలోల నుంచి ఇరవై మూడు కిలోలకు పెరుగుతుంది. ఆ భారం మోకాలి చిప్ప మీద పడుతుంది.

కండరం లోపలా తేడా ఉంది. తొడలో నిదానంగా, అలసట లేకుండా గంటల తరబడి పనిచేసే నారలు కొన్ని, గట్టిగా గుంజి త్వరగా అలిసిపోయే నారలు కొన్ని ఉంటాయి. పెడల్‌ను బలంగా నొక్కాల్సి వచ్చినప్పుడే రెండో రకం రంగంలోకి దిగుతాయి. చిన్న గేరు వేసుకుని తేలిగ్గా, త్వరత్వరగా తిప్పేవాడు వాటిని దాచుకుంటాడు. పౌరుషానికి పోయి పెద్ద గేరులో ఎక్కినవాడు మొదటి అయిదారు కిలోమీటర్లలోనే ఖర్చు చేసేస్తాడు.

తొడలోని నిల్వ

ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. పెద్దవారిలో కండరాలూ కాలేయమూ కలిపి సుమారు 400–500 గ్రాములు, అంటే 1,600 నుంచి 2,000 కేలరీలు. కొవ్వు నిల్వ దీనికి ఎన్నో రెట్లు. అయితే కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. శ్రమ తీవ్రమయ్యేకొద్దీ శరీరం కొవ్వును వదిలి గ్లైకోజెన్ మీద పడుతుంది.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కండరంలో దాచిన గ్లైకోజెన్‌ను ఆ కండరం తప్ప మరొకటి వాడుకోలేదు. దాన్ని తిరిగి చక్కెరగా మార్చి రక్తంలోకి వదలడానికి కావలసిన ఎంజైము కండరంలో లేదు, కాలేయంలో ఉంది. చేతుల్లో, భుజాల్లో నిల్వ నిండుగా ఉన్నా తొడ అడుగంటిందంటే అంతే. కాలేయంలోదీ అయిపోతే రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి, కాళ్లు వణుకుతాయి, చిరాకొస్తుంది. సైకిలిస్టులు దీన్ని బాంక్ కావడం అంటారు. ఆకలేసినప్పుడు తింటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మొదటి గంట నుంచే పడాలి. మాగిన అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. బెల్లం వేసిన పల్లీ పట్టీ జేబులో నలగదు, ఎండకు కరగదు, ఖరీదూ తక్కువ. విదేశీ జెల్ పొట్లాల కన్నా నాకు అదే నచ్చుతుంది.

ఇక వేడి సంగతి. పెడల్ మీద 150 వాట్ల పని జరుగుతుంటే ఒంట్లో దాదాపు 500 వాట్ల వేడి పుడుతుంది. చదునులో మన వేగమే మనకు విసనకర్ర. కొండ మీద ఆ గాలి ఉండదు, పని మాత్రం ఎక్కువ. కోస్తా ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఆరని చెమట వేడిని తీసుకుపోదు. బృందాలు తెల్లవారకముందే బయలుదేరడం వెనక ఉన్న కారణం ఇదే: కొండ అడుగు భాగం, అంటే అన్నిటికన్నా ఉక్కగా ఉండే భాగం, ఎండ ముదరకముందే దాటిపోవాలి. తర్వాత కొండే ఆదుకుంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది.

బలవంతుడు ముందుండాల్సింది ఎక్కడ?

ఈ లెక్కలన్నీ ఒక మాట చెబుతున్నాయి, బృందాన్ని నడిపించేవాళ్లు దాన్ని పట్టించుకోవాలి. బలహీనుడికి సాయం చేయడమంటే కొండ మీద పక్కన ఉండి ఉత్సాహపరచడం అనుకుంటాం. అది మంచిదే, మనసుకు బలమిస్తుంది. కానీ అక్కడ చేయగలిగింది అంతవరకే. నిజమైన సాయం కొండకు ముందే జరగాలి.

విశాఖ నుంచి ఎస్.కోట దాకా ఒక కొత్త సభ్యుడు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా, లేదా వరుసలో ముందుండి వచ్చాడనుకుందాం. అదే మనిషి అంతసేపూ ఇంకొకరి చాటున వచ్చి ఉంటే రెండు గంటల్లో అతనికి మిగిలే పని, 80 కిలోలను 200 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి సరిపోతుంది. కొండలో దాదాపు నాలుగో వంతు, అదీ చదును రోడ్డు మీద, ఎవరూ గుర్తించకుండా ఆదా అయింది. చదునులో మిగిల్చిన గ్లైకోజెన్ కొండ మీద కాలుతుంది.

అందుకే చదునులో గట్టివాళ్లు ముందు ఉండాలి, కొత్తవాళ్లను ముందుకు రానివ్వకూడదు. తెల్లవారుజామున చల్లగాలి, కొత్త హుషారు, అందరూ చూస్తున్నారన్న తపన వాళ్లను ముందుకు తోస్తాయి. ఆపడం పెద్దవాళ్ల బాధ్యత. దీనికి విరుద్ధంగా, చదునులో వేగం పెంచి వరుసను తెంపేసి, తర్వాత కొండ పైన కూర్చుని వెనకవాళ్ల కోసం ఎదురుచూసే బృందాలున్నాయి. ఎదురుచూడటం మర్యాదే. కానీ ఆ వెనకవాడు అంత వెనకబడటానికి కొంత కారణం కిందనే జరిగింది.

కొండ మొదలయ్యాక మాత్రం అందరినీ ఒకే వేగంతో ఎక్కించాలని చూడకూడదు. తేలికైనవాడు మరీ నెమ్మదిస్తే సైకిలు తూలుతుంది, బరువైనవాడు తన వేగాన్ని మించితే పది నిమిషాల్లో కుదేలవుతాడు. ఎవరి ఊపిరిని బట్టి వారు ఎక్కడం, ముందే అనుకున్న చోట, తైడ దగ్గరో డముకు వ్యూపాయింట్ దగ్గరో, చివరి మనిషి వచ్చేదాకా ఆగడం, ఒక అనుభవజ్ఞుడు అందరికన్నా వెనక రావడం: ఈ మూడు నియమాలూ భూమ్యాకర్షణను ఒప్పుకుని పెట్టుకున్నవే.

మలుపుల దగ్గర ఒక కిటుకు. వెనక్కి తిరిగే పెద్ద మలుపులో లోపలి అంచుకూ బయటి అంచుకూ ఎత్తు తేడా ఒకటే, దూరం వేరు. లోపలి అంచు పొట్టిది కనుక నిటారుగా ఉంటుంది. మనం రోడ్డుకు ఎడమన వెళ్తాం. కాబట్టి ఎక్కేటప్పుడు ఎడమకు తిరిగే మలుపుల్లో నిటారు భాగం మనది, కుడికి తిరిగే మలుపుల్లో సుళువు భాగం మనది. మొదటిదానికి ముందే గేరు తగ్గించి, రెండోదానిలో ఊపిరి పీల్చుకోవచ్చు. సుళువు కోసం రోడ్డు అవతలి పక్కకు మాత్రం పోకూడదు, పైనుంచి వచ్చే బస్సుకు ఆ స్థలమంతా కావాలి.

[పెట్టె]
దిగేటప్పుడు బ్రేకులు ఎప్పుడు ఎక్కువ కాలుతాయి?
ఎక్కినప్పుడు కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు ఎటో ఒకటి పోవాలి. ఆరు పాళ్ల వాలులో బ్రేకు వేయకుండా వదిలేస్తే సైకిలు గంటకు 50 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది, శక్తినంతా గాలే మింగుతుంది. అదే వాలులో నడక వేగంతో దిగితే శక్తి బ్రేకుకే పోతుంది, కానీ నిదానంగా, కనుక చల్లారే వ్యవధి ఉంటుంది. వేడి అన్నిటికన్నా వేగంగా పుట్టేది ఈ రెంటికీ మధ్య, గంటకు 30 దరిదాపుల్లో బ్రేకును వదలకుండా పట్టుకున్నప్పుడు. అక్కడ గాలి సాయం తక్కువ, దిగే వేగం ఎక్కువ. రిమ్మును పట్టే బ్రేకులైతే ఆ వేడి రిమ్ము ద్వారా ట్యూబుకు చేరి టైరు పేలవచ్చు. మలుపుకు ముందు తిన్నని దారిలో రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపు తిరిగాక వదిలేయాలి. వదిలిన ఆ కాసేపట్లోనే రిమ్ము చల్లారుతుంది. వరుసలో దగ్గరదగ్గరగా దిగడం అసలు పనికిరాదు: చాటు వల్ల వెనకవాడి వేగం పెరుగుతుంది, ముందు రోడ్డు కనిపించదు.
[పెట్టె ముగిసింది]

తిరుగు దారిలో సముద్రపు గాలి

ఒక్కరోజులో వెళ్లి రావాలనుకున్నవారు అనంతగిరి దాకా ఎక్కి వెనుదిరగవచ్చు. బొడ్డవరకు దిగేసరికి ఎండ ముదిరి ఉంటుంది, దానితోపాటు మరో సమస్య ఎదురవుతుంది. పగటిపూట నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. విశాఖ వైపు తిరిగి వచ్చేవారికి అది కొన్నిచోట్ల ఎదురుగా, కొన్నిచోట్ల పక్కనుంచి తగులుతుంది.

గంటకు 20 కిలోమీటర్లతో తొక్కుతుంటే, ఎదురుగాలి 15 ఉందనుకోండి. శరీరానికి తగిలేది 35. నిశ్చలమైన గాలిలో కన్నా నిరోధం మూడింతలు. అంటే పొద్దున కంటే చాటు విలువ ఇప్పుడు ఎక్కువ, కాళ్లలో బలమేమో తక్కువ. గాలి పక్కనుంచి వస్తే చాటు సరిగ్గా వెనక ఉండదు, ఓ పక్కకు ఏటవాలుగా జరుగుతుంది. ఆ ఏటవాలు వరుస కట్టాలంటే రోడ్డు వెడల్పు కావాలి, మధ్యాహ్నపు రద్దీలో అది కుదరదు. ఇరవై మంది ఒకే బారుగా వస్తే మొదటి ఇద్దరు ముగ్గురికి తప్ప చాటు దొరకదు. ముగ్గురు నలుగురు చొప్పున చిన్న జట్లుగా విడిపోయి, జట్టుకూ జట్టుకూ మధ్య ఒక కారు దూరేంత చోటు వదిలి రావడం మేలు.

ప్రతి జట్టుకూ ముందు ఎవరుండాలి? ఇక్కడ కిలోకు ఎంత శక్తి అన్న లెక్క చెల్లదు, మొత్తం శక్తిదే మళ్లీ పైచేయి. దాంతోపాటు వెడల్పైన భుజాలు వెనక పెద్ద చాటును మిగులుస్తాయి. ఘాట్ మీద చివర వచ్చిన ఆ దిట్టమైన మనిషి నీళ్లు తాగి, రెండు పల్లీ పట్టీలు తిని, కాస్త తేరుకున్నాక ముందుకు రావాలి. అయితే ఎదురుగాలిలో ఒకేసారి ఎక్కువ సేపు లాగకూడదు. రెండు మూడు నిమిషాలు ముందుండి, వెనక వాహనాలు లేవని చూసుకుని, పక్కకు తప్పుకుని జట్టు చివర చేరాలి. అప్పుడు మిగతావారు వంతు తీసుకోవాలి. కొండ మీద ముందుగా వెళ్లిపోయిన బక్కపలచని ఇద్దరి వంతు కొంచెం పొట్టిగా ఉన్నా ఫరవాలేదు, వాళ్ల వీపు చాటు చేసే గాలి ఎలాగూ తక్కువే.